ఒక్క మొక్కకు పదేళ్లు, ఒక్క పొట్లానికి ఏడాది

1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని, అదే ఎన్‌డీపీఎస్ చట్టాన్ని, మా లాయర్లు కూడా కేసు వస్తేనే తెరుస్తారు. తెరిచినా తమకు కావలసిన ముక్క చదువుకుని మూసేస్తారు. 20వ సెక్షన్ని ఒక్కసారి పైనుంచి కిందికి చదివితే మాత్రం నవ్వాలో ఏడవాలో తెలీదు. ఇంటి మిద్దె మీద కుండీలో ఒక్క గంజాయి మొక్క పెంచారనుకోండి. 20(ఎ) కింద పదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, దాంతోపాటు లక్ష రూపాయల దాకా జరిమానా. అదే మనిషి మొక్క జోలికి పోకుండా వీధి చివర పొట్లం కొని జేబులో వేసుకున్నాడనుకోండి. కిలోకు లోపున్నంతవరకు 20(బి) కింద ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంకో విచిత్రం, ఆ పొట్లం అమ్మినవాడికీ లెక్క అదే. కిలోకు లోపు సరుకుతో దొరికితే వాడికీ ఏడాదే గరిష్ఠం.

అంటే తన మట్టుకు తాను ఒక మొక్క పెట్టుకున్నవాడు, కాలేజీ గేటు దగ్గర పిల్లలకు పొట్లాలు అమ్మేవాడికంటే పదింతలు పెద్ద నేరస్తుడు. ఇది నా వ్యాఖ్యానం కాదు, చట్టంలో ఉన్న అంకెలే.

గంజాయి మంచిదని చెప్పడానికి ఇది రాయడం లేదు. నేను తాగను, తాగమని ఎవరికీ చెప్పను. నేనడిగేది ఒక్కటే. దగ్గర పెట్టుకున్న గంజాయికి చిన్న మొత్తం, పెద్ద మొత్తం అని తూకం రాసుకున్న చట్టం, పెంచిన మొక్కకు మాత్రం అలాంటి లెక్క ఎందుకు రాయలేదు? కుండీకీ ఎకరానికీ ఒకే సెక్షన్, ఒకే శిక్ష ఎందుకుండాలి?

ఈ సంగతి నాలో మళ్లీ కదిలించింది మా అక్క కొడుకు. బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవులకు అనంతపురం వచ్చినప్పుడు మా మిద్దెతోట చూసి మురిసిపోతాడు. వంగ, టమాటా, పుదీన, బీర తీగ, మూలన ఒక నిమ్మ చెట్టు. మొన్న నేను నీళ్లు పెడుతుంటే ఫోన్ తెచ్చి చూపించాడు. జర్మనీలో ఎవరో పెద్దాయన తన బాల్కనీలో మూడు గంజాయి మొక్కలు పెంచుతూ, విత్తనం నుంచి కోత దాకా వారం వారం వీడియో తీసి పెట్టాడు.

“మామా, మన ఎండకు ఇది ఇంకా బాగా వస్తుంది కదా? ఒక్క చెట్టే, ఈ వంగ చెట్ల మధ్యలో. ఎవరు చూడొచ్చినారు?”

“ఒరే అబ్బీ, ఆయన జర్మనీలో ఉన్నాడు, నువ్వు అనంతపురంలో ఉన్నావు.”

“పొట్లం కొనుక్కునేదానికంటే ఇది నయం కాదా మామా? ఏం కలిపినారో తెలీని సరుకు, ఎవడితోనో లావాదేవీ. ఇదైతే మన చేతి మీద పెరిగింది.”

వాడు తప్పించుకోడానికి అన్న మాట కాదది. లెక్కేసుకునే అన్నాడు. కింద నుంచి మా అక్క విని, “వానికి గట్టిగా చెప్పురా, నా మాట వినడు” అని కేకేసింది. చెప్పాను. ఆ రోజు చెప్పింది భయం కోసం. దాని వెనక ఉన్న వాదన ఇక్కడ చెబుతున్నా.

విత్తనంతోనే మొదలుపెడదాం. చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ పట్టే కొసలు. ఆ కొసలతో కలిసి లేనప్పుడు విత్తనాలు, ఆకులు గంజాయి కిందికి రావు. మాదకద్రవ్యాల మీద 1961లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంలో కూడా ఇదే నిర్వచనం. ఉత్తరాదిన ఆకుతో చేసే భంగు నిలబడింది ఈ సందులోనే. ఇక హెంప్, అంటే నార రకం గంజాయి, దాని విత్తనాన్ని, నూనెను, పిండిని ఆహారంగా అమ్ముకోవచ్చని 2021లో మన ఆహార భద్రతా సంస్థే నిబంధనలు తెచ్చింది. ఆన్‌లైన్లో ప్రోటీన్ పొడుల పక్కనే అమ్ముతున్నారు. సరే. ఒక గింజ అరచేతిలో ఉన్నంతసేపు దానికి ఎన్‌డీపీఎస్ తో పేచీ లేదు. అదే గింజను కుండీలో మట్టి తీసి పెట్టి నీళ్లు పోశారో, అది సాగు. 8వ సెక్షన్ లైసెన్సు లేకుండా ‘ఏ గంజాయి మొక్కనూ’ సాగు చేయకూడదంటుంది. ఎంత ఎత్తు, ఏ వయసు, మత్తు ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. గంజాయి మొక్క అంటే ఆ ప్రజాతికి చెందిన ఏ మొక్కైనా అని నిర్వచనంలోనే రాసేశారు. రెండు ఆకులు విప్పిన మొలకకూ, ఆరడుగుల చెట్టుకూ తేడా లేదు.

ఈ మొక్క ఆడ, మగ వేరువేరుగా ఉంటుంది, మన బొప్పాయిలో మాదిరి. పూత దశ వచ్చేదాకా ఏది ఏదో చూసి చెప్పడం కష్టం. మత్తిచ్చే జిగురు దట్టంగా ఉండేది ఆడ మొక్క పూత కొసల మీద. సన్నటి గుండుసూది తలకాయల్లా మెరిసే నూగు ఉంటుంది, మత్తిచ్చే రసాయనం టీహెచ్‌సీ తయారయ్యేది అందులోనే. మగ మొక్క గాలికి పుప్పొడి వదిలి ఎండిపోతుంది. తాగేవాడికి దానితో పెద్దగా పని లేదు. కానీ కుండీలో పెరిగింది మగ మొక్కే అయినా 20(ఎ) ఏమీ తగ్గదు. నార కోసం పెంచే హెంప్ జాతి, మత్తు నామమాత్రం, అది పెంచినా అంతే. ఉత్తరాఖండ్ ప్రభుత్వం 2018లో 14వ సెక్షన్ కింద ఉన్న అధికారాన్ని వాడుకుని నార, విత్తనాల కోసం హెంప్ సాగుకు లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టింది. టీహెచ్‌సీ 0.3 శాతం దాటకూడదని షరతు. అక్కడ లైసెన్సున్న రైతుకు అది పంట. ఇక్కడ కల్యాణదుర్గం రైతు అదే గింజ వేస్తే ముద్దాయి.

మా జిల్లా సంగతి వేరుగా చెప్పాలి. అనంతపురంలో ఏడాది మొత్తం మీద పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ, కంది, ఆముదం తప్ప ఇంకోటి వేయాలంటే బోరు ఉండాల, బోరులో నీళ్లు ఉండాల. ఈ కంది గురించి చెప్పేది ఎందుకంటే, గంజాయి మాదిరే అది కూడా పగటి పొద్దు తగ్గేకొద్దీ పూతకొచ్చే మొక్క. రెండూ మనిషెత్తు పెరుగుతాయి. వానాకాలంలో మొదలై పొద్దు కురచబడ్డాక పూస్తాయి. ‘కంది చేలో అంతర పంటగా గంజాయి’ అని పేపర్లో వార్త రావడం, పోలీసులు ముందు ఆ చేలల్లోకే దిగడం ఇందుకే. జర్మనీ పెద్దాయనకు జూన్లో పదహారు గంటల పగలు ఉంటుంది. మనకు ఏడాదిలో అతి పెద్ద పగలే పదమూడు గంటలు నిండదు. వాళ్ల మొక్క నడత వేరు, మన మొక్క నడత వేరు. వీడియో చూసి ఇక్కడ చేద్దామనుకునేవాళ్లకు ఈ సంగతే తట్టదు. ఇక ఏప్రిల్, మే నెలల్లో కడప మిద్దెల మీద వంగ మొక్కే తల వాల్చేస్తుంది. పచ్చవల కట్టి, ట్యాంకర్ నీళ్లు కొని బతికించుకుంటాం.

మొక్క బతికినా దాచడం కుదరదు. మన ఊళ్లలో మిద్దెకు మిద్దె ఆనుకుని ఉంటుంది. ఈ ఇంటి మిరపకాయలు ఎండబోసింది ఆ ఇంటివాళ్లకు తెలుసు, ఆ ఇంటి వడియాలు ఎన్ని చేటలో మనకు తెలుసు. ఆ మొక్క పూతకొచ్చినప్పుడు వచ్చే వాసన నాలుగిళ్ల అవతలికి పోతుంది. ఆకును చూసి గోగు అనుకునే అమాయకులు ఒకరిద్దరు ఉండొచ్చు గాని, ముక్కును ఎవరూ మోసం చేయలేరు. బెంగళూరులో, హైదరాబాదులో అపార్టుమెంటు గదిలో టెంటు కట్టి, లైట్లు పెట్టి పెంచినవాళ్లు కూడా దొరికిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం.

దొరికితే ఒక్కడితో పోదు. కుర్రకారుకు తెలియంది ఇదే. 25వ సెక్షన్ ప్రకారం ఇంటి యజమాని తెలిసీ తన ఇంట్లో ఆ నేరం జరగనిస్తే, నేరం చేసినవాడికి ఎంత శిక్షో ఆయనకూ అంత శిక్ష. ఇల్లు మా బావ పేరు మీదుంటే కొడుకు కుండీకి బావ జవాబు చెప్పుకోవాలి. 46వ సెక్షన్ ప్రకారం తన భూమిలో ఆ మొక్క సాగవుతోందని తెలిసిన భూయజమాని వెంటనే అధికారులకు చెప్పాలి, తెలిసీ ఊరుకుంటే అదీ నేరమే. 47వ సెక్షన్ సర్పంచి మీదా, గ్రామ అధికారుల మీదా అదే బాధ్యత పెడుతుంది. 54వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేస్తుంది. నువ్వు సాగు చేసే నేలలో ఆ మొక్క కనబడి, దానికి సరైన సంజాయిషీ చెప్పుకోలేకపోతే, నేరం చేశావనే కోర్టు అనుకోవచ్చు. కాదని రుజువు చేసుకోవాల్సింది నువ్వే. మామూలు క్రిమినల్ కేసుల్లో రుజువు భారం ప్రాసిక్యూషన్ మీద ఉంటుంది కదా, ఇక్కడ సగం బరువు ముద్దాయి నెత్తిన పడుతుంది. పడి మొలిచిన మొక్కకూ పెంచిన మొక్కకూ తేడా ఉందని కోర్టులు గుర్తించిన సందర్భాలు లేకపోలేదు. కానీ కుండీలో, గ్రో బ్యాగులో ఉన్న మొక్క దానంతటదే మొలిచిందని ఏ లాయరు చెప్పి ఒప్పించగలడు?

ఒక పాత ఫైల్లో చూసిన పంచనామా నాకు బాగా గుర్తు. పెరటి మొక్కల కేసు. పోలీసులు ఇద్దరు మధ్యవర్తులను వెంటబెట్టుకుని వెళ్లారు. మొక్కల్ని వేళ్లతో సహా పీకి, మట్టి దులిపి, గోనెసంచిలో పెట్టి, వీధి చివర కిరాణా కొట్టు నుంచి తెచ్చిన కాటా మీద తూచారు. ‘ఆకులు, కాండము, వేళ్లతో సహా పచ్చివి’ అని రాసి, కిందనే బరువు. దాని కింద ఎత్తు, సుమారు నాలుగడుగులు అని. పూత ఉందా లేదా అన్నమాట మాత్రం పంచనామా అంతా వెతికినా లేదు. మధ్యవర్తుల సంతకాలు, ఒకటి నీలం సిరా, ఒకటి నల్లసిరా. కేసు కోర్టు దాకా వచ్చేసరికి ఆ పచ్చి మొక్కలు ఎండి బరువు సగానికి సగం పడిపోయింది. ముద్దాయి తరఫు లాయరు ఆ తేడా పట్టుకుని వాదించాడు. వాదించాడుగాని, సాగు కేసులో బరువుతో పనేముంది? 20(ఎ)కి కాటాయే అక్కర్లేదు. ఒక్క కిలో అయినా ఒకటే, పావుకిలో అయినా ఒకటే. తూకం వేయడం అలవాటు కాబట్టి వేశారంతే.

ఇక కోత సంగతి. మొక్క నుంచి గంజాయిని వేరు చేయడాన్ని చట్టం ‘ఉత్పత్తి’ అంటుంది. ఉత్పత్తి వచ్చేది 20(బి) కింద. 20(బి)లో తూకం పట్టిక ఉంది. అంటే మొక్కగా నిలబడి ఉన్నంతకాలం పదేళ్ల నేరం. కోసి, ఎండబెట్టి, డబ్బాలో పోసుకున్నాక, కిలోకు లోపుంటే ఏడాది నేరం. మొదటి నేరం చెరిగిపోదు, అది అలాగే ఉంటుంది, దానికి సాక్ష్యం దొరికితే అదీ కలుస్తుంది. కానీ రెండు వాక్యాల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మత్తు తయారై తాగడానికి సిద్ధంగా ఉన్నప్పుడు తక్కువ శిక్ష, ఇంకా మొలకగా ఉన్నప్పుడు ఎక్కువ శిక్ష. ఏ లాజిక్కుకు అందుతుంది?

దీనికి వెనకో కథ ఉంది. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ అని వేసింది. వెయ్యిమందికి పైగా సాక్షుల్ని విచారించి ఏడు సంపుటాల నివేదిక ఇచ్చింది. పూర్తి నిషేధం అక్కర్లేదు, పన్ను వేసి అదుపులో పెట్టండి అన్నది దాని సారాంశం. సామ్రాజ్యం పన్ను కోసం అన్నదా, ప్రజల మేలు కోరి అన్నదా అనేది వేరే చర్చ, నాకైతే మొదటిదాని మీదే అనుమానం. ఏమైతేనేం, ఇంకా తొంభై ఏళ్లు గంజాయి ఎక్సైజ్ శాఖ వ్యవహారంగానే నడిచింది. 1961 ఒప్పందం వైద్యేతర వాడకాన్ని పాతికేళ్లలో మాన్పించాలని గడువు పెట్టింది. ఆ గడువు దగ్గరపడుతుంటే రాజీవ్ గాంధీ ప్రభుత్వం 1985లో ఈ చట్టం తెచ్చింది, నవంబరు 14 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పట్లో గంజాయి కలిగి ఉన్నా, మొక్క సాగు చేసినా ఒకటే గీత, ఐదేళ్ల దాకా. అందులో కనీసం సమానత్వం ఉంది. 2001లో సవరణ చేశారు. చిన్నవాళ్లను పెద్ద స్మగ్లర్లతో కలిపి తొక్కేస్తున్నామని గ్రహించి, మొత్తాన్ని బట్టి శిక్ష అన్నారు. గంజాయికి కిలో లోపు చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం. మంచి పనే. చిన్న మొత్తానికి ఐదేళ్ల నుంచి ఆరు నెలలకు దించారు, 2014లో దాన్ని ఏడాది చేశారు. 2001లో అదే కలంతో సాగు శిక్షను మాత్రం ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచారు. మెట్లు లేవు, పట్టిక లేదు. మొక్క పెంచేవాడంటే అడవిలో ఎకరాలకు ఎకరాలు వేసేవాడే అని వాళ్ల కళ్లముందు ఉండి ఉంటుంది. మిద్దె మీద కుండీ వాళ్ల ఊహలో లేదు.

20(ఎ)లో కనీస శిక్ష లేదు, జడ్జి గారు కేసును బట్టి తగ్గించవచ్చు అని నా తోటి లాయర్లు అంటారు. నిజమే. బెయిలుకు అడ్డుపడే 37వ సెక్షన్ కూడా దీనికి నేరుగా వర్తించదు. కానీ అరెస్టు, రిమాండు, వాయిదాలు, పాస్‌పోర్టు వెరిఫికేషన్, క్యాంపస్ ఉద్యోగం, ఇవన్నీ తీర్పుకు ముందే అయిపోతాయి. శిక్ష పడకపోయినా కేసే శిక్ష. పైగా మత్తుకు బానిసైనవాడు తనంతట తాను చికిత్సకు పోతే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే 64ఎ సెక్షన్ ఉంది కదా, అది వాడకం కేసులకూ చిన్న మొత్తం కేసులకూ రాసింది. సాగుకు చిన్న మొత్తమే లేనప్పుడు, మొక్క పెట్టుకున్న బానిస ఆ తలుపు ఎలా తట్టాలి?

మిగతా దేశాలు ఏం చేశాయో చూద్దాం. ఉరుగ్వే 2013లోనే ఇంటికి ఆరు మొక్కలన్నది. కెనడా 2018 అక్టోబరు నుంచి ఇంటికి నాలుగు. అదే ఏడాది దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం, పెద్దవాళ్లు తమ సొంత వాడకానికి తమ ఇంట్లో పెంచుకుంటే నేరం కాదని, అది వ్యక్తిగత గోప్యతకు సంబంధించిందని తీర్పిచ్చింది. జర్మనీ 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవాళ్లకు తలా మూడు మొక్కలన్నది, ఇంట్లో 50 గ్రాములు మించకూడదన్నది. మూడు మొక్కలు పండితే 50 గ్రాములు ఎక్కడ ఆగుతాయని అక్కడే తలలు పట్టుకున్నారు, అంత పద్ధతైన దేశంలోనే చిల్లు మిగిలింది. థాయిలాండ్ 2022లో తలుపులు బార్లా తెరిచి, వీధికో దుకాణం వెలిశాక భయపడి, 2025లో వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాలని మళ్లీ బిగించింది. థాయిలాండ్ దారి మనకొద్దని నేనే అంటాను. మనకు కూడా 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కు అంది. ఆ తీర్పు మిద్దె మీది కుండీ దాకా రాలేదు, ఇప్పట్లో వస్తుందని నేను అనుకోను. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితిలో గంజాయిని అతి ప్రమాదకరమైన వాటి జాబితా నుంచి తీసేద్దామని ఓటింగు జరిగితే 27కు 25 ఓట్లతో నెగ్గింది. ఆ 27లో ఇండియా ఓటు ఉంది. బయట ఒక మాట, ఇంట్లో ఒక మాట.

‘ప్రకృతి ఇచ్చిన మొక్క, దానికి చట్టమేంది’ అనేవాళ్లు ఉన్నారు. ఈ వాదన నాకు అసలు గిట్టదు. కర్నూలు నుంచి గుత్తి దాకా రోడ్డు పక్కన ఉమ్మెత్త విరివిగా ఉంటుంది. అదీ ప్రకృతి ఇచ్చిందే. దాని గింజలు తిని ఆసుపత్రి పాలైనవాళ్లను అడగండి. మొక్క కాబట్టి మంచిది అనేది వాదన కాదు. గంజాయి వల్ల, ముఖ్యంగా పదహారు, పద్దెనిమిదేళ్ల వయసులో రోజూ తాగడం మొదలుపెట్టినవాళ్లకు, జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతింటాయి. కొందరిలో మతిభ్రమణానికి దారితీసే ముప్పు పెరుగుతుంది. ఇంట్లో ఆ జబ్బు చరిత్ర ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. సొంతంగా పెంచిందైతే ఈ ముప్పు తగ్గుతుందనే భ్రమ వద్దు. కల్తీ లేదు అంతే. మా అల్లుడు అన్నదాంట్లో ఆ సగమే నిజం. అలవాటైపోయి మానలేని వాళ్లుంటే 14416 టెలీమానస్ ఉంది, 14446 మత్తు విముక్తి హెల్ప్‌లైన్ ఉంది. పోలీసు స్టేషన్ కంటే ముందు ఆ నంబర్లు గుర్తుండాలి.

రెండో అభ్యంతరం బరువైనది. కుండీకి సడలింపు ఇస్తే చేలోకి పాకదా? ఇంటికి మూడు మొక్కలని చెప్పి ఊరంతా తలా మూడు పెట్టించి, దళారీ వచ్చి అందరి దగ్గరా కొనుక్కుపోడా? మన్యంలో జరిగింది చూశాం. విత్తనం, పెట్టుబడి దళారీవి. అరెస్టు గిరిజనుడిది. శీలావతి అని పేరున్న రకం సరిహద్దు దాటి దేశమంతా పోయింది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు సుమారు రెండు లక్షల కిలోలు ఒక్కచోట పోసి తగలబెట్టారు. ఇప్పుడు ఈగల్ అని ప్రత్యేక దళం పెట్టి, 1972 నంబరు ఇచ్చి, డ్రోన్లతో కొండలు వెతుకుతున్నారు. మా సీమ జిల్లాలు ఆ సరుకు పండే చోట్లు కావు, బెంగళూరు వైపు పోయే దారిలో ఉన్నాయి, ఈ మధ్య కొనేచోట్లు కూడా అయ్యాయి. ఈ యుద్ధం తప్పని నేననను. కానీ ఆ యుద్ధానికి రాసిన సెక్షన్‌తోనే కుండీని కూడా కొడితే ఏమవుతుంది? మొక్కకు పదేళ్లు, పొట్లానికి ఏడాది అని తెలిసిన కుర్రాడు ఎటు మొగ్గుతాడు? పొట్లం వైపే కదా. పొట్లం డబ్బు ఎవరికి పోతుంది? మన్యం కొండల్లో పెట్టుబడి పెట్టిన ఆ దళారీకే. అణచాలనుకున్న వ్యాపారానికే చట్టం గిరాకీని తోలుతోంది.

ఊరంతా తలా మూడు పెట్టిస్తారన్న భయానికి కూడా చట్టంలోనే మందుంది. 20(బి)లో అమ్మకం ఉంది, 27ఎలో పెట్టుబడి పెట్టినవాడికి పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు ఉంది, 29లో కుట్ర ఉంది. దళారీని పట్టడానికి అవి చాలు. వాడిని పట్టలేక కుండీవాడిని పట్టుకుని లెక్క చూపించడమే సులువు, అదే జరుగుతోంది.

నేనడిగే మార్పు చిన్నది. చట్టబద్ధం చేయమని కూడా అడగడం లేదు. 20(ఎ) కింద ఒక మెట్టు చేర్చాలి. ఇంటి ఆవరణలో, అమ్మకం ఉద్దేశం లేకుండా, ఇన్ని మొక్కలకు లోపు అయితే చిన్న మొత్తంతో సమానంగా చూడాలి, మొక్క పీకి ధ్వంసం చేయాలి, జరిమానా వేయాలి, అవసరమైతే చికిత్సకు పంపాలి, 64ఎ దానికీ వర్తించాలి. ఆ సంఖ్య రెండా మూడా అన్నది చర్చించుకోవచ్చు, నన్నడిగితే రెండు. పూత రాని మొక్కల కేసుల్లో, నార రకం కేసుల్లో ల్యాబు రిపోర్టు వచ్చేదాకా అరెస్టు లేకుండా చూడాలి. పంచనామాలో పూత ఉందో లేదో రాయడం తప్పనిసరి చేయాలి. ఈ ఆఖరిదానికి చట్ట సవరణ కూడా అక్కర్లేదు, డీజీపీ ఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ చాలు.

అది జరిగేదాకా మా అల్లుడికి చెప్పిందే అందరికీ చెబుతాను. పెట్టొద్దు. గింజ దొరికినా, వీడియో ఎంత నచ్చినా, మన మిద్దె మీద వద్దు. మీకు తెలియకుండా పెరట్లో అలాంటి మొక్క మొలిచి కనబడితే, దాన్ని చూసి ముచ్చటపడుతూ నీళ్లు పోయకండి. నలుగురి ముందు పోలీసులకు చెప్పి పీకించండి, చెప్పినట్టు ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. సెక్షన్ 54 అడిగే సంజాయిషీ ఆ కాగితమే.

ఇంకొకటి, మన ఎంపీలు పార్లమెంటులో అడగాల్సిన ప్రశ్న. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ఎన్‌డీపీఎస్ కేసుల్ని సొంత వాడకానికి కలిగి ఉన్నవి, రవాణా కోసం కలిగి ఉన్నవి అని రెండుగా విడదీసి చూపిస్తుంది. మొక్కల లెక్కన సాగు కేసులు ఆ పట్టికల్లో ఎక్కడా విడిగా కనబడవు. ఆంధ్రప్రదేశ్‌లో గత ఐదేళ్లలో 20(ఎ) కింద పెట్టిన కేసులెన్ని, వాటిలో ఐదు మొక్కలకు లోపున్నవెన్ని, అందులో శిక్ష పడినవెన్ని? అనంతపురం, హిందూపురం, కర్నూలు, నంద్యాల, కడప, రాజంపేట, చిత్తూరు, తిరుపతి, సీమలో ఎనిమిదిమంది ఎంపీలున్నారు మనకు. లిఖితపూర్వక జవాబు కోరుతూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తే, సవరణ కావాలా వద్దా అన్న చర్చ లెక్కలు ముందు పెట్టుకుని చేయొచ్చు.